కోరంగి మనిషి

తాళ్ళరేవు ఆస్పత్రిలో మంగళవారం ఓపీ.
బీపీ నూట ముప్ఫై, ఎనభై. సుగర్ లేదు.
"మరేం లేదండి, మాటే లేదు" అంది కోడలు.
"నేను రొయ్యల షెడ్డుకెళ్ళి వచ్చేసరికి
పొద్దున ఎలా కూచుందో అలాగే ఉంటది."

ఓలేటి ముత్యాలు, డెబ్భయ్యారు.
పుట్టిన ఊరు దగ్గర
ఆధార్ కార్డు ఒకటి చెబుతుంది,
ఆవిడ చెప్పదు.

నా దగ్గరో ఫారం ఉంది,
ముసలివాళ్ళ మనసు కొలిచేది.
రెండు వారాలుగా నిద్ర ఎలా ఉంది?
ఏ పనైనా చెయ్యాలనిపిస్తోందా?
జవాబులన్నీ కోడలే ఇచ్చింది,
సంతలో వంకాయలు ఏరినట్టు చకచకా.

ఏడో ప్రశ్న:
మనసులో మాట చెప్పుకోడానికి ఎంతమంది ఉన్నారు?

ముత్యాలు చూపుడువేలు ఎత్తింది.
"తిత్" అంది.
ఆ వేలిని రెండో చేత్తో పట్టుకుని
మెల్లగా మడిచేసుకుంది.

తిత్ అంటే ఒకటని తర్వాత తెలిసింది.
ఆ ఒకటి పైడమ్మ.
రంగూన్లో ఎదురెదురు గదుల్లో పుట్టారు.
అరవై నాలుగులో ఒకే ఓడ,
ఒకే ట్రంకుపెట్టె మీద చెరో చివరా కూచుని
ఎన్నడూ చూడని సొంతూరికి వచ్చారు.
అక్కడ వాళ్ళని "కొరంగీ" అని వెక్కిరించేవారట.
కోరంగి ఏ దిక్కున ఉందో తెలీకుండానే
బడిలో, రేవులో, ఆ తిట్టు తిన్నారు.
తీరా కోరంగి కాలవగట్టు మీద పాక వేసుకుంటే
ఇక్కడివాళ్ళు "బర్మావోళ్ళు" అన్నారు.

పైడి అంటే అక్కడ ష్వే, అందుకని మా ష్వే.
ముత్యం అంటే పలే, అందుకని మా పలే.
ఆ పేర్లు తెలిసింది ఆ ఇద్దరికే.
అరవై ఏళ్ళపాటు
మధ్యాహ్నం అంట్లు కడిగాక
గుమ్మంలోంచి ఒకటే కేక:
"సా పీబీలా?"
తిన్నావా, అని.
వాసన ఇవతలకే వస్తున్నా సరే, అడగాలి.

మొన్న దాళవా కోతలప్పుడు పైడమ్మ పోయింది.
తెలుగు రాదా ముత్యాలుకి? వచ్చు.
చేపల బేరానికి, కోడలితో పోట్లాటకి మిగిలేంత వచ్చు.
చిన్నప్పుడు ఆడుకున్న ఆటలు మాత్రం
ఇందులో లేవు.

డాక్టరు గారు రాత్రికి సగం మాత్ర రాశారు.
సగం రాత్రి పడుకుందట.

నేను చేసిందేం లేదు.
గుత్తెనదీవి సబ్‌సెంటర్లో షారోన్ నా జతది.
మాటల్లో చెబితే
"మా దగ్గరా ఒకాయనున్నాడే,
గేదెతో బర్మాలో మాట్లాడతాడు" అంది.
పాలెపు సింహాద్రి, ఎనభై ఒకటి.
వలలు అల్లుతాడు. కుడిచెవి వినపడదు.

గురువారం, గౌతమి పాయకి అటొకరు, ఇటొకరు.
స్పీకర్లో పెట్టాం.
ఇటునుంచి ఏమీ లేదు.
అటునుంచి గేదె.
తర్వాత కీచుగా,
పడవలోంచి పిలిచినట్టు,
"సా పీబీలా?"

ముత్యాలు నా ఫోన్ లాక్కుని
అద్దంలా మొహానికి ఎదురుగా పట్టుకుంది.
ఏడుస్తుందనుకున్నాను.
అరిచింది.
గడగడా, వేలు ఆడిస్తూ,
ఊపిరి అందక దగ్గుతూ, దగ్గు మధ్యలో కూడా.
కోడలు గరిటెతో సహా బయటికొచ్చింది.
ఏమైందత్తా?
"ఆడు మౌల్మేనోడు! మొహింగాలో
అరటిదూట వెయ్యఖ్ఖర్లేదంటన్నాడు.
ఉత్త చేపల పులుసు తాగినోడు, ఆడికేం తెలుసు!"

నలభై నిమిషాలకి నా చార్జింగ్ అయిపోయింది.

ఫారం ఇంకా సంచిలోనే ఉంది.
ఏడో ప్రశ్న పక్కన ఖాళీ.
దెబ్బలాడే మనుషులకి అందులో గడి లేదు.
మాత్ర మానొద్దని మాత్రం చెప్పాను,
కోడలికి రెండుసార్లు.

మొన్న ఆదివారం
అన్నంలో పప్పు కలుపుకుంటుంటే ఫోన్.
"అమ్మాయీ, ఆ దీవోడికి ఓసారి కలుపు.
రాత్రంతా ఆలోచించాను.
ఆడిదే తప్పు."

ఎడంచేత్తో కలిపాను.